పాత్ర స్వభావం వివరింపుము

కొట్టు నుంచి,
సోమవారం.

గిన్నెమ్మకు తాత దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. చదివి వినిపిస్తానని మీ నాన్న చెయ్యి చాపాడు, నేను ఇవ్వలేదు. వాడు మామూలుగా చదివితే నాకు వినపడదు, నాకు వినపడేలా చదివితే వీధంతా వింటుంది. నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. జవాబు కూడా నా చేత్తోనే రాస్తున్నాను. ఇది సుత్తి పట్టిన చెయ్యి, అక్షరాలు వంకర పోతే నువ్వే సర్దుకోవాలి.

ఫోన్ చెయ్యమని మళ్ళీ రాశావు. ఫోన్ చెవికి పెట్టుకుంటే నాకు రాగి రేకు మోతే వినిపిస్తుంది. ఆ చెవులు నేను పనికి ఇచ్చేశాను, అడిగినా తిరిగి రావు.

ఇక సంగతికి వస్తాను. పరీక్ష దగ్గర పడింది, నవల రివిజన్ చేస్తున్నాను అని రాశావు. రివిజన్ అంటే ఏమిటని మందుల షాపాయన్ని అడిగాను. చదివిందే మళ్ళీ చదవడం అన్నాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఒకసారి సరిగ్గా పడిన అతుకుని నేను మళ్ళీ ముట్టుకోను. ముట్టుకున్నానంటే మొదటిసారి సరిగ్గా పడలేదనే. నిజం చెప్పు, పోయినేడు ఈ నవల నువ్వు చదివావా, చదివినట్టు కూర్చున్నావా?

అన్ని పేపర్లూ గట్టెక్కి ఈ ఒక్క సాహిత్యం పేపరు దగ్గర తప్పావు. టీచర్ ట్రైనింగ్ సీటు దీని మీదే ఆగింది. ఈసారి కూడా తప్పితే నిన్ను గోడౌన్‌లో పెట్టడానికి మీ నాన్న మేనేజరుతో మాట్లాడి ఉంచాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చే బస్తా, పోయే బస్తా రాసుకోవాలి. నలుగురి ముందు వాడితో నేనన్నాను, నా మనవరాలు పాసవుతుంది, కాకపోతే ఈ కొట్టుకి తాళం వేసి తాళంచెవి నీ చేతిలో పెడతాను అని. వాడికి కావలసింది కూడా అదే. చెవులు పోయిన ముసలాడు సుత్తి పట్టుకుని కూర్చోవడం వాడికి నామోషీ.

ఇంతకీ ఆ నవల కథేమిటో రాయి. దాచకుండా రాయి.

తాత.


హాస్టల్, మేడ మీద గది,
గురువారం.

తాతయ్యా,

నీ అక్షరాలు బాగానే ఉన్నాయి. ఒక్క 'క్ష' మాత్రం సొట్ట పోయింది.

మా గదిలో బల్ల ఒకటే, పరీక్షలు నలుగురివి. ఇప్పుడు నా వంతు కాదు, అందుకే కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. వెనక లెక్కల పిల్ల సూత్రాలు వల్లె వేస్తోంది. నా కథలో అన్నదమ్ముల మధ్యలోకి దాని త్రికోణాలు వచ్చి పడుతున్నాయి.

కథ అడిగావు కదా. ఒక ఇల్లు. ఒక అమ్మ, ఇద్దరు కొడుకులు. అన్న మహా కచ్చితమైన మనిషి. తమ్ముడు రోజూ సాయంత్రం ఎక్కడికో వెళతాడు, ఎక్కడికని అడిగితే చెప్పడు. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి. గడియారం పోతుంది, దీపం పోతుంది, అమ్మ దుప్పటి పోతుంది. అన్నకి అనుమానం మొదలవుతుంది. అంతే కథ.

పరీక్షలో ఇవే అడుగుతారు: ప్రధాన పాత్ర స్వభావం ఏమిటి, ఉపపాత్రలు కథకి ఎలా తోడ్పడ్డాయి, ఫలానా పాత్రలో నీకు నచ్చిన గుణం ఏది. ఒక్కో పాత్రకి ఒక్కో పేజీ రాయాలి. చదివాను తాతయ్యా. ఒట్టు.

ఇంకో చిన్న మాట. అటక మీద నా పాత పుస్తకాల పెట్టె ఉంది చూడు, దాన్ని కదపకు. అంతా దుమ్ము. నీకు తుమ్ములొస్తాయి.

నీ గిన్నె.


కొట్టు నుంచి,
ఆదివారం.

గిన్నెమ్మకు తాత రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాత్రల గురించి పేజీలకి పేజీలు అడుగుతారని తెలిసి నాకు సంతోషమైంది. ఇన్నాళ్ళకి మీ కాలేజీవాళ్ళకి బుద్ధి వచ్చింది. అయితే నువ్వు సగమే రాశావు. ప్రధాన పాత్ర రాగిదా ఇత్తడిదా? నీళ్ళకా, వంటకా? అది చెప్పకుండా స్వభావం ఎవడు చెప్పగలడు? రాసుకో. పాత్ర స్వభావం పైన చూస్తే తెలియదు. పైనంతా సొట్టలు ఉండొచ్చు. బోర్లించి వేలితో కొట్టాలి. మంచిదైతే మోగుతుంది, లోపల పగులు ఉంటే టక్కుమని చచ్చిన చప్పుడు వస్తుంది. ఉపపాత్ర అంటే మూత, గరిటె అయ్యుంటాయి. మూత సరిగ్గా కూర్చుంటేనే కెటిల్‌కి విలువ. ఇది ఒక పేజీ అవుతుంది, ఇంకా కావాలంటే కళాయి గురించి రాసి పంపిస్తాను.

ఇక రెండో సంగతి. నా తుమ్ముల మీద నీకు ఎప్పటినుంచి ఇంత ప్రేమ పుట్టింది? పుట్టినప్పటి నుంచి ఈ కొట్టులో బూడిదలో పొర్లిన పిల్లవి. నేను బొగ్గు పొయ్యి ముందు రోజంతా తుమ్ముతుంటే లెక్కపెట్టి నవ్వేదానివి. అలాంటిది ఇవాళ అటక మీద దుమ్ము గురించి బెంగపడుతున్నావా?

నిచ్చెన వేసుకుని ఎక్కాను. మీ అమ్మ కింద నిలబడి అరిచిందట, నాకు వినపడలేదు. పెట్టెలో పైన అన్నీ విడిగానే ఉన్నాయి. అడుగున ఒక్క పుస్తకం మాత్రం నీ పాత ఓణీలో చుట్టి, ముడి వేసి ఉంది. నగలు కూడా మన ఇంట్లో అంత భద్రంగా ఎవరూ దాచలేదు. విప్పితే ఈ నవలే. అన్న, తమ్ముడు, గడియారం అన్నీ ఉన్నాయి.

పుస్తకాన్ని ఎందుకు దాచావో నాకు తెలియదు. కనిపెడతాను. కొట్టుకి తెచ్చుకున్నాను, ఇవాళ్టి నుంచి చదువుతున్నాను. వేలు పెట్టి చదువుతాను, ఆలస్యమవుతుంది, కానీ ఒక్క మాట వదలను. తర్వాత నిన్ను ప్రశ్నలు అడుగుతాను. అప్పుడు తెలుస్తుంది నీ ఒట్టు సంగతి.

తాత.


హాస్టల్,
మంగళవారం.

తాతయ్యా!

ఎందుకు ఎక్కావు అటక? కాలు జారితే?

ముందు ఒకటి చెప్పాలి. పాత్ర అంటే గిన్నె కాదు తాతయ్యా. కథలో మనిషిని పాత్ర అంటారు. అన్న ఒక పాత్ర, తమ్ముడు ఒక పాత్ర, అమ్మ ఒక పాత్ర. నీ ఉత్తరం గదిలో చదివి వినిపిస్తే లెక్కల పిల్ల మంచం మీద నుంచి జారి కింద పడింది. ఇప్పుడు మేమందరం ఒకళ్ళనొకళ్ళం వేలితో కొట్టి చూసుకుంటున్నాం. వార్డెన్ మేడమ్‌ని కొట్టి చూసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆ పుస్తకం మాత్రం చదవకు, నా మాట విను. అది పాత ముద్రణ, నిండా తప్పులు. అక్షరాలు చిన్నవి, నీ కళ్ళు లాగుతాయి. పరీక్ష అవ్వగానే నా దగ్గరున్న కొత్తది తెచ్చి ఇస్తాను, అది చదువుదువుగాని. దాన్ని ఉన్నచోట పెట్టెయ్. నాన్నకి చూపించకు.

గిన్నె.


కొట్టు నుంచి,
శనివారం.

గిన్నెమ్మకు,

మనిషిని పాత్ర అంటే మరి పాత్రని ఏమంటారు? మీ చదువులు నాకు అర్థం కావు. నేను రాసింది నేను వెనక్కి తీసుకోను. మనిషికి కూడా సరిపోతుంది కావాలంటే చూసుకో.

తప్పులు ఉన్నాయన్నావు, నాకు ఒక్కటీ దొరకలేదు. చిన్న అక్షరాలన్నావు, మందుల సీసా మీద అక్షరాల కంటే పెద్దవే. పైగా నాన్నకి చూపించకు అంటున్నావు. పుస్తకం చదివితే వాడికెందుకు కోపం? నువ్వు ఒక్కో మాట రాసేకొద్దీ నా అనుమానం ఒక్కో అడుగు లోతుకి పోతోంది.

పుస్తకం మొత్తం చదివేశాను. నాలుగు కెటిళ్ళ పని వెనకబడింది, సొట్ట తీయించుకోవడానికి వచ్చినామె నన్ను మూడు కేకలు వేసి, నాకు వినపడకపోయేసరికి వెళ్ళిపోయిందట. పోనీ. నేను చెప్పేది రాసుకో. తమ్ముడు దొంగ. అది నాకు మొదటి పేజీలోనే తెలిసింది. తిన్నగా నడిచేవాడు సాయంత్రం పూట ఎక్కడికి పోతున్నాడో చెప్పడానికి భయపడడు. సంచి తీసుకుని వెళతాడు, చీకటి పడేసరికి తల వంచుకుని వస్తాడు. అడిగితే నవ్వుతాడు. అలా నవ్వేవాళ్ళని నేను చాలామందిని చూశాను, బేరం చేసేటప్పుడు.

అన్న నాలాంటివాడు. ఓపిక పట్టాడు, గమనించాడు, చివరికి వాన కురుస్తున్న రోజున వాణ్ణి బయట నిలబెట్టి తలుపు గడియ పెట్టాడు. కథ అక్కడితో అయిపోయింది. బాగా అయిపోయింది. నాకు నచ్చింది.

ఇప్పుడు నీకు ప్రశ్న. ఆ ఇంటి కుక్క తమ్ముణ్ణి చూసి మొరిగినప్పుడు అమ్మ ఏమంది? నువ్వు చదివుంటే చెప్పు.

తాత.


హాస్టల్,
సోమవారం.

తాతయ్యా,

ఆ ఇంట్లో కుక్క లేదు. నాకు గాలం వేయకు.

కానీ తమ్ముణ్ణి దొంగ అంటే మాత్రం నేను ఊరుకోను. రాత్రింబవళ్ళు వాడితోనే ఉంటున్నాను, వాడి గురించి నీకంటే నాకు ఎక్కువ తెలుసు. వాడు దొంగ కాదు. సంచి తీసుకుని వెళ్ళేది ఇంట్లోవి పట్టుకుపోవడానికి కాదు, పోయినవి వెతికి వెనక్కి తేవడానికి. అన్న గడియ పెట్టడంతో కథ అయిపోతుందని నీకు ఎవరు చెప్పారు? ఆ తర్వాతే కదా అసలు సంగతంతా బయటపడేది. అమ్మకి మతిమరుపు వస్తుంది, తన వస్తువులు తనే వీధిలో వాళ్ళకి పంచిపెట్టి మరిచిపోతుంది. తమ్ముడు అది కనిపెట్టి, అన్నకి తెలిస్తే అమ్మని చులకన చేస్తాడని ఆ నింద తన మీద వేసుకుంటాడు. నువ్వు అన్న పక్షాన చేరిపోతే ఎలా?

పరీక్ష వచ్చే వారం, బుధవారం. ఇక ఉత్తరాలు తగ్గిస్తాను, ఏమనుకోకు.

గిన్నె.


కొట్టు నుంచి,
బుధవారం.

గిన్నెకు,

ఇప్పుడు దొరికావు.

నువ్వు చెప్పిన అమ్మ మతిమరుపు నా పుస్తకంలో లేదు. గడియ పెట్టాడు, ఆ పేజీ అయిపోయింది, వెనక అట్ట వచ్చింది. నువ్వు కల్పించి రాశావని మొదట అనుకున్నాను. తర్వాత పుస్తకాన్ని వెలుతురుకి పట్టుకుని వీపు దగ్గర విరిచి చూశాను.

పేజీలు పోయాయి. ఊడిపోలేదు, చిరిగిపోలేదు. కోశారు. కుట్టు పక్కన సన్నటి అంచులు వరసగా, ఒకే గీతలా మిగిలాయి. చిరుగుకీ కోతకీ తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ నేను చేసే పని కోయడమే. ఎవరో కుదురుగా కూర్చుని, చెయ్యి వణక్కుండా, వెనక పేజీలన్నీ కోసి తీశారు.

పరీక్షకి వెళ్ళే పిల్ల నవల చివరి పేజీలు ఎందుకు కోస్తుందో మందుల షాపాయన్ని అడిగాను. ఆయన నవ్వాడు. చేతిలోనో మడమ దగ్గరో పెట్టుకుని పోతారు పెద్దయ్యా అన్నాడు. అన్నీ కలిపి చూసుకున్నాను. పోయినేడు ఆ పేపరు దగ్గరే తప్పావు. పుస్తకం ఓణీలో దాచావు. అటక ఎక్కవద్దన్నావు. చదవొద్దన్నావు. నాన్నకి చూపించొద్దన్నావు. పోయినేడు తప్పావా, పట్టుబడ్డావా?

మన ఇంట్లో కన్నం పడిన గిన్నెకి పైన కళాయి పూసి అమ్మినవాడు లేడు. మా నాన్న అమ్మలేదు, నేను అమ్మలేదు. నీ దొంగ పాసు కంటే గోడౌన్ బస్తాలు నయం. మీ కాలేజీ పెద్ద మేడమ్‌కి ఉత్తరం రాశాను. నా మనవరాలి సంగతి ఇదీ, హాల్లోకి పంపే ముందు చూసుకోండి అని. మీ నాన్నకి చెప్పలేదు. ఆ ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. శనివారం లోపల నీ జవాబు రాకపోతే డబ్బాలో వేస్తాను. తమ్ముడి కథలు చెప్పకు. నిజం రాయి.

తాత.


హాస్టల్,
గురువారం.

తాతయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఇది సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. దయచేసి ఇది చదివాక ఆ జేబులోది ఏం చెయ్యాలో ఆలోచించు.

నాకు చెప్పాలని లేదు. నువ్వే చెప్పించావు.

పోయినేడు పరీక్ష సెలవులకి ఇంటికి వచ్చాను గుర్తుందా? కొట్టులో నీ బల్ల పక్కనే కూర్చుని చదివేదాన్ని, ఇంట్లో టీవీ మోత అని. నవల చివరి భాగం మాత్రం చదవలేదు. ముగింపులు ఆఖరికి దాచుకోవడం నా అలవాటు, నీకు తెలుసు, చిన్నప్పుడు కథ చెప్పినా చివర చెప్పొద్దు అని చెవులు మూసుకునేదాన్ని. రేపు పరీక్షకి బస్సులో వెళుతూ చదువుకుంటాలే, అప్పుడు తాజాగా ఉంటుంది అనుకున్నాను. పుస్తకం నీ బల్ల మీదే పెట్టి భోజనానికి వెళ్ళాను.

మర్నాడు బస్సులో తెరిచాను. గడియ పెట్టాడు, తర్వాత అట్ట.

పరీక్షలో తప్పనిసరి ప్రశ్న ఒకటే. ఈ నవల ముగింపు న్యాయమైనదేనా, చర్చింపుము. నాకు ముగింపే తెలియదు. నీలాగే నేనూ ఆలోచించాను తాతయ్యా. సంచి, సాయంత్రాలు, నవ్వు. తమ్ముడు దొంగ, తగిన శాస్తి జరిగింది అని పేజీల కొద్దీ రాశాను. చదివిన మేడమ్ ఎంత నవ్వుకుందో.

తిరిగి ఇంటికి వచ్చాక కొట్టులోకి వచ్చాను. నువ్వు హోటలువాళ్ళ కెటిళ్ళు గుమ్మం ముందు వరసగా పేర్చి, దారిన పోయేవాళ్ళని పిలిచి చూపిస్తున్నావు. అంతకు ముందు చాలాకాలం ఆ కొట్టులో సుత్తి చప్పుడు లేదు. నీ తల మీద తీగకి, రేకు మీద పెట్టి గీసుకోవడానికి నువ్వు కోసుకునే కాగితం అచ్చులు వేలాడుతున్నాయి. కెటిల్ ముక్కు అచ్చు గాలికి తిరిగింది. దాని మీద అచ్చు అక్షరాల్లో 'తమ్ముడు' అని ఉంది.

అప్పుడే నీకు చెప్పి ఉండొచ్చు. కానీ నాన్న అక్కడే ఉన్నాడు. చెవులు పోయాయి కొట్టు ముయ్యమని అప్పటికే రోజూ గొడవ. ఇప్పుడు కళ్ళు కూడా పోయాయి, మనవరాలి పరీక్ష పుస్తకానికీ చిత్తు కాగితానికీ తేడా తెలియడం లేదని తెలిస్తే ఆ సాయంత్రమే తాళం వేసేవాడు. తర్వాత ఫలితాలు వచ్చాయి. నువ్వే అందరి ముందు నన్ను బద్ధకస్తురాలని అన్నావు. అన్నావులే. అందుకే పుస్తకం ఓణీలో చుట్టి అడుగున పెట్టాను.

పేజీలు కోసింది నేను కాదు. తీగ మీద చూసుకో.

గిన్నె.


కొట్టు నుంచి,
శుక్రవారం.

గిన్నెమ్మకు తాత దీవించి రాయునది.

చూశాను.

తీగ మీద నుంచి అచ్చులన్నీ దించాను. కెటిల్ పక్కలు, ముక్కు, పిడి, మూత. అన్నీ తిప్పి చూశాను. నవలే.

నేను తప్పు చేశానని రాయడం లేదు. పుస్తకాన్ని కత్తెరల బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్ళేది ఎవరు? పైగా అది పాతది, ఎవరిదో చేతులు మారి వచ్చింది. కాగితం మందంగా ఉంది, మడత నిలబడలేదు. అచ్చుకి అలాంటిదే కావాలి. ముందు పేజీలు నేను ముట్టుకోలేదు, అంత బుద్ధి లేనివాణ్ణి కాదు. వెనకవే కోశాను. పుస్తకంలో వెనకంతా ప్రకటనలే కదా అనుకున్నాను. రాగి రేకుల కంపెనీ వాళ్ళ కేటలాగులో వెనకంతా ప్రకటనలే ఉంటాయి. అప్పటిదాకా నా జన్మకి నేను పూర్తిగా తిరగేసిన పుస్తకం అదొక్కటే. ఇలా ఆఖర్లో అసలు సంగతి పెడతారని నాకెవరు చెప్పారు?

బల్ల మీద నీళ్ళు చల్లి అచ్చులు పరిచి, ముక్కకి ముక్క ఆనించి చదివాను. కెటిల్ ఎడమ పక్క చివర మొదలైన మాట పిడి మీద పూర్తవుతోంది. అమ్మ మతిమరుపు ముక్కులో ఉంది. నువ్వు చెప్పినట్టే ఉంది. తమ్ముడు దొంగ కాదు. పుస్తకం అలా అంటోంది కాబట్టి ఒప్పుకుంటున్నాను. కానీ వాడు ముందే నోరు తెరిచి చెప్పుంటే అన్న గడియ పెట్టేవాడా? ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా మోసేవాళ్ళంటే నాకు మంట. అది వాడికీ చెబుతున్నాను, నీకూ చెబుతున్నాను.

మీ నాన్నకి చెప్పాను. వాడికి ఎవరో చెప్పడం నాకు ఇష్టం లేదు, నేనే పిలిచి అచ్చులు చూపించాను. వాడు ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టబోయాడు. నువ్వు తాళం గురించి మాట్లాడే ముందు నన్ను కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళు అన్నాను. తీసుకెళ్ళాడు. ఆ షాపువాడు గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. కింద వరసలు గోడకి చీమలు పట్టినట్టు కనపడ్డాయి. అది నీకొక్కదానికే చెబుతున్నాను. అద్దాలు సోమవారం వస్తాయి.

మేడమ్‌కి రాసిన ఉత్తరం చింపలేదు. మంచి దళసరి కాగితం మీద రాశాను, చింపడం ఎందుకని చిన్న గరాటుకి అచ్చు కోసుకున్నాను.

ఈ కవరులో అచ్చులు పంపిస్తున్నాను. నలపకు, మడత పెట్టకు, పరీక్ష అయ్యాక తిరిగి తే. హోటలువాళ్ళు మళ్ళీ అడిగితే నాకు కావాలి.

ఒక్కటి మాత్రం నాకు తెలియలేదు. మూత అచ్చుకి నడుమ బొడిపె కోసం చిల్లు పెడతాను కదా. ఆ చిల్లులో ఒక మాట పోయింది. చివరి వరస అది. అన్న గడియ తీస్తాడు. తమ్ముడు వానలో తడిసి ఇంకా అక్కడే నిలబడి ఉంటాడు. 'అన్న వాడి ముఖం కేసి చూసి' అని ఉంది, తర్వాత చిల్లు, తర్వాత 'అన్నాడు' అని ఉంది. ఏమన్నాడు? చిల్లు చూస్తే గుండ్రంగా వేలి గోరంత లేదు. అంతలో ఏం పడుతుంది? ఎవరైనా క్షమించమని అడగాలన్నా దానికి చోటు చాలదు. నిన్నటి నుంచి ఆ చిల్లులోకే చూస్తున్నాను.

తాత.


హాస్టల్,
బుధవారం.

తాతయ్యా,

పరీక్ష అయిపోయింది. వచ్చి చెప్పులు కూడా విప్పలేదు, ముందు నీకు రాస్తున్నాను.

నీ అచ్చులు నా కొంప ముంచబోయాయి. హాలు ముందు వరండాలో గోడకి ఆనుకుని కెటిల్ ముక్కు పట్టుకుని ఆఖరిసారి చూసుకుంటున్నాను. గంట కొట్టారు, కంగారులో దాన్ని సంచిలో వేయడం మరిచిపోయాను. తలుపు దగ్గర తనిఖీ చేసే మేడమ్ నా చెయ్యి పట్టుకుంది.

"ఇదేంటమ్మా?"

"కెటిల్ ముక్కండీ."

"నాతో వేళాకోళమా? నవల పేజీ ఇది!"

"నవలేనండీ, కానీ కెటిల్ ముక్కు కూడానండీ."

నా వెనక వరసంతా నవ్వు. నాకు మాత్రం గోడౌన్ కనపడింది తాతయ్యా, బస్తాలతో సహా. మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పింది. వెనకవైపు నువ్వు పెన్సిలుతో 'మూక్కు' అని దీర్ఘం పెట్టి రాశావు, పక్కన రెండు చోట్ల మసి వేలిముద్రలు. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, ఒట్టు! బొగ్గు వాసన వచ్చిందేమో. "ఇంకా ఏమైనా ఉన్నాయా, మూత, పిడి?" అంది. "గదిలో ఉన్నాయండీ" అన్నాను. దాన్ని తన బల్ల మీద బరువు పెట్టి ఉంచి నన్ను లోపలికి పంపింది. పోయేటప్పుడు తిరిగి ఇచ్చింది. మడత పడలేదు.

ఈసారి ముగింపు అడగలేదు. ఇంత గొడవ పడ్డాక అసలు అడగనే లేదు! తమ్ముడి పాత్ర స్వభావం వివరింపుము అన్నారు. నవ్వొచ్చింది, తర్వాత రాశాను. పైకి అన్నీ సొట్టలే కనిపిస్తాయి, వేలితో కొట్టి చూసేదాకా మోగుతుందో లేదో తెలియదు, ఆ ఇంట్లో ఎవరూ కొట్టి చూడలేదు అని మొదలుపెట్టాను. దిద్దే ఆవిడకి నచ్చుతుందో, ఇది గిన్నెల కొట్టు అనుకుని సున్నా వేస్తుందో చెప్పలేను. ఫలితాలు వచ్చేదాకా నా సంగతి తేలదు.

హాస్టల్ శనివారం ఖాళీ చెయ్యాలి. లెక్కల పిల్ల తన ఇంటికి రమ్మంటోంది, ఫలితాలు వచ్చేదాకా ఉండమంటోంది. నీ బుధవారం ఉత్తరం నేనింకా పారేయలేదు తాతయ్యా. దాచి పెట్టుకోలేదు కూడా. బల్ల మీద అలాగే ఉంది. ఇంటికి రావాలో వద్దో నువ్వు చెప్పు. నాన్న కాదు, నువ్వు చెప్పు.

చిల్లులో పోయిన మాట అడిగావు. ముగింపు కాబట్టి ఆఖరికి దాచాను. నా కొత్త పుస్తకంలో ఉంది. అన్న పెద్దగా ఏమీ అనడు. ఒక్క అక్షరమే, దానికొక దీర్ఘం. ఆ చిల్లుకి సరిగ్గా సరిపోతుంది.

"రా" అన్నాడు.

గిన్నె.


కొట్టు నుంచి,
గురువారం.

గిన్నెమ్మకు,

కళ్ళద్దాలు వచ్చాయి. ముక్కు మీద బరువుగా ఉన్నాయి. నీ ఉత్తరం ఒక్కసారే చదివాను, రెండోసారి అవసరం పడలేదు. ముక్కుకి దీర్ఘం ఉండదట, మంచిది.

ఎక్కువ రాయను.

రా.

తాత.